పాలచౌడు, కారుచౌడు: ఒక యువ పరిశోధకురాలికి లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. నేలల పేర్ల మీద నువ్వు రాసిన చిత్తుప్రతి అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. నల్లరేగడి, ఎర్రచెల్క, దుబ్బ, చౌడు... ఒక్కో మాట కోసం ఎండలో ఎన్ని గట్లు తిరిగావో ఆ పేజీల్లో కనిపిస్తోంది. దానితో పెట్టిన ఉత్తరం చదివాకే మనసు చివుక్కుమంది. భాషాశాస్త్రం చెప్పే మీ గైడ్ పట్టికలు ఎక్కువయ్యాయన్నారు. నేలల శాస్త్రవేత్త కథలు ఎక్కువయ్యాయన్నారు. స్టాటిస్టిక్స్ మేడమ్ "ఈ ఊళ్లే ఎందుకు?" అని అడిగి కాగితాలు పక్కన పెట్టేశారు. ముగ్గురికీ నచ్చేలా ఎలా రాయాలో చెప్పమన్నావు.

ముగ్గురికీ నచ్చాలని కూర్చుంటే పని ముందుకు సాగదు తల్లీ. ముగ్గురి అనుమానమూ తీర్చు. అది నీ చేతిలో ఉన్న పని.

ఇన్నేళ్లుగా రకరకాల శాస్త్రాల వ్యాసాలు చదివి, వాటి గురించి తెలుగులో రాస్తూ వచ్చాక నాకు బోధపడింది ఒకటుంది. ప్రతి శాస్త్రానికీ ఒక పాత అనుమానం ఉంటుంది. తన పాఠకుడు ఎక్కడ ఆగి "ఏదీ, చూపించు" అంటాడో దానికి అనుభవం మీద తెలుసు. ఆ చోటల్లా ముందుగానే జవాబు పెట్టుకుంటూ పోతే చివరికి మిగిలేదే ఆ శాస్త్రంలో వ్యాసం రూపం. వైద్యంలో ఆ అనుమానం ఇది: రోగికి మందు వల్లే తగ్గిందా, దానంతటదే తగ్గిందా? అందుకే వాళ్లు ఎందుకు చేశామో, ఎలా చేశామో చెప్పాక గానీ ఏం తేలిందో చెప్పరు. దాని అర్థం ఏమిటన్నది ఆ తర్వాతే. ఈ నాలుగు భాగాల పద్ధతి 1940లలో అక్కడక్కడా మొదలై, 1980లకల్లా పేరున్న వైద్య పత్రికల్లో పరిశోధన వ్యాసాలన్నిటికీ ఒకటే రూపమైపోయింది. అంతకుముందు చాలామంది డాక్టర్లు తాము చూసిన రోగుల సంగతి ఉత్తరం రాసినట్టు రాసేవారు.

లెక్కల వాళ్లకి "ఎలా చేశాం" అనే భాగమే ఉండదు. నిరూపణే వాళ్ల పని, నిరూపణే సాక్ష్యం. చదివేవాడు తన బల్ల ముందు కూర్చునే సరిచూసుకోవచ్చు. శాసనాలు చదివేవాళ్ల సంగతి వేరు. రాయి మీద చెరిగిపోయిన అక్షరాన్ని ఊహించి పూరిస్తే దాన్ని బ్రాకెట్లో పెడతారు. రాతి మీద ఉన్నదెంత, పండితుడు చేర్చిందెంత అన్నది పాఠకుడికి విడిగా కనపడాలి కదా. ఆ చిన్న బ్రాకెట్‌లో ఎంత నిజాయితీ ఉందో తలుచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

ఈ భాగాల విలువ నేను తేలిగ్గా నేర్చుకోలేదు. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక వారపత్రికకి కొత్త మందు గురించి వ్యాసం రాశాను. ఇంగ్లీషు పరిశోధన వ్యాసంలో మొదలూ చివరా చదివాను. "ఎలా చేశాం" అన్న మధ్య భాగం పొడిగా ఉందని వదిలేశాను. ఆ మందు ఇచ్చింది ఎలుకలకి అన్న సంగతి ఆ మధ్య భాగంలోనే ఉంది. వ్యాసం అచ్చయిన పది రోజులకి ఒక తండ్రి దగ్గర నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది, మందు ఏ ఊళ్లో దొరుకుతుంది, ఎంతవుతుంది అని. ఆయనకి జవాబు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అప్పటి నుంచి ఏ శాస్త్రం వ్యాసమైనా మధ్య నుంచే చదవడం మొదలుపెడతాను.

మధ్య భాగానికి ఇంకో గుణం కూడా ఉంది. ఒక శాస్త్రం నుంచి ఇంకో శాస్త్రానికి ఫలితాల కన్నా పద్ధతులే బాగా ప్రయాణం చేస్తాయి. మన జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఒంట్లోని భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపితే చివరికి నీలం రంగు తేలుతుంది, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరం ఎంతో చెబుతారు. మీ నేలల శాస్త్రవేత్త ల్యాబ్‌కి వెళ్లినప్పుడు భాస్వరం పరీక్షలో నువ్వు చూశానని రాసిన నీలం కూడా ఆ కుటుంబానిదే. నెత్తుటికైనా మట్టికైనా ఒకే రంగు పనికొచ్చింది.

ఇక నీ వ్యాసం సంగతి. అందులో ప్రాణం ఎక్కడుందో నీకు తెలిసినట్టు లేదు. అది 14వ పేజీలో ఉంది. చెరువు కింద పొలం చేసే పెద్దాయన నీతో చౌడు రెండు రకాలన్నాడు. ఒకటి పాలచౌడు: ఎండాకాలం నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. రెండోది కారుచౌడు: పైన నల్లగా ఉంటుంది, తడిస్తే కాలు జారుతుంది, నీళ్లు ఇంకవు, ఎండితే గడ్డపారకి లొంగదు. నువ్వు దీన్ని "మాండలిక పర్యాయపదాలు" అన్న శీర్షిక కింద రెండు వాక్యాల్లో తేల్చేశావు.

అవి పర్యాయపదాలు కావమ్మా. నేలల శాస్త్రం కూడా ఆ రెండింటినీ విడివిడిగానే చూస్తుంది. లవణాలు ఎక్కువున్న నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత మీటరుకి 4 డెసిసీమెన్లు దాటుతుంది, క్షారగుణం ఎంతో చెప్పే ఉదజని సూచిక (pH) మాత్రం 8.5 లోపే ఉంటుంది. అది పాలచౌడు. సోడియం మట్టి రేణువులకి అంటుకుపోయిన నేలలో ఉదజని సూచిక 8.5 దాటుతుంది. అక్కడ మట్టిలోని కుళ్లిన ఆకు అలమూ కరిగి పైకొచ్చి నేల నల్లబడుతుంది. అది కారుచౌడు. వైద్యం కూడా వేరే. మొదటిదానికి మంచినీళ్లు నిలగట్టి, ఉప్పు కరిగించి, మురుగు కాలవలోకి వదలాలి. రెండోదానికి జిప్సం వెయ్యాలి, అందులోని కాల్షియం వచ్చి సోడియాన్ని నెడుతుంది. ఉత్తనీళ్లు పెడితే అది ఇంకదు, బాగుపడదు. అంటే ఆ పెద్దాయన మాటల్లో తేడా చెరిపేస్తే ఒక రైతు తన పొలానికి తప్పు వైద్యం చేసుకుంటాడు. నిఘంటువు పనికీ పంట పనికీ మధ్య ఇంత దగ్గర చుట్టరికం ఉంది.

ఇప్పుడు మీ ముగ్గురి అభ్యంతరాలూ ఈ ఒక్క పేజీ దగ్గర పెట్టి చూడు. గైడ్ అడిగేది: ఈ మాట ఎవరన్నారు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో? ఆయన పెరిగిన సంప్రదాయం అది. 1962లో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెచ్చిన వ్యవసాయ వృత్తిపదకోశం తీసి చూడు, మాట పక్కనే అది వినిపించే ప్రాంతం ఉంటుంది. కోస్తాలో నాగలి, రాయలసీమలో మడక. ఊరు చెప్పని మాట మాండలికాల శాస్త్రంలో మాటే కాదు. నేలల శాస్త్రవేత్త అడిగేది: ఆ పొలంలో మట్టి ఏ లోతు నుంచి తీశారు, ఏ నెలలో తీశారు? ఉప్పు ఎండాకాలం పైకొస్తుంది, వానలకి కిందికి దిగుతుంది కాబట్టి నెల చెప్పకపోతే ఆ అంకెకి విలువ లేదు. స్టాటిస్టిక్స్ మేడమ్ అడిగేది: ఈ తేడా తెలియని వాళ్లు ఎంతమంది? నువ్వు అడిగినప్పుడు "ఏమోనమ్మా" అన్నవాళ్లని ఎక్కడా రాయలేదు. ఆవిడ కాగితాలు పక్కన పెట్టింది అందుకే.

ఈ మూడోది నీకు కొత్తగా అనిపిస్తుంది కాబట్టి మన ఇంటి ఉదాహరణే చెబుతాను. తమిళంలో ఉరల్, తెలుగులో రోలు. తమిళంలో ఇరండు, మనకి రెండు. మొదట ఉన్న అచ్చు వెనక్కి జరిగి, నాలుక కొనతో పలికే హల్లు మాట మొదటికి వచ్చింది. ఈ మార్పు తెలుగుకి దగ్గర చుట్టాలైన గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషల్లో కొన్ని మాటలకి జరిగింది, కొన్నిటికి జరగలేదు. ఏ భాష ఏ భాషకి దగ్గర చుట్టమో తేల్చడానికి కృష్ణమూర్తి గారు ఈ అసంపూర్ణమైన మార్పునే వాడుకున్నారు. ఒక మార్పు రెండు భాషలూ ఒకటిగా ఉన్నప్పుడే జరిగి ఉంటే రెండింటిలోనూ కనపడాలి. విడిపోయాక జరిగితే విడివిడిగా జరిగినట్టు లెక్క. అలా విడిగా జరిగిన మార్పులు అన్నిటికన్నా తక్కువ పడే వంశవృక్షం ఏదో అదే నిజానికి దగ్గర. ఆరు భాషలకి ఇలా జంటలుగా చీలే వృక్షాలు 945 గీయొచ్చు. చేత్తో అయ్యే పని కాదు. ఆయన లింకన్ మోజెస్ అనే స్టాటిస్టీషియన్‌తో, డగ్లస్ డాన్‌ఫర్త్‌తో కలిసి కూర్చున్నారు. ముగ్గురి పేర్లతో ఆ వ్యాసం 1983లో అమెరికా భాషాశాస్త్ర సంఘం పత్రికలో వచ్చింది.

అందులో నన్ను ఆపేసింది ఒక చిన్న గుర్తు. ప్రతి మాటకీ ప్రతి భాషలోనూ మారిందా, మారలేదా అని వేస్తారు. మాటే దొరకని చోట సున్నా వేస్తారు. దొరకనిది కూడా పట్టికలో ఉంటుంది. ఒక జీవితమంతా మాటల చరిత్ర చదివిన మనిషి తనకి తెలిసిందంతా మూడు గుర్తుల్లోకి దింపడానికి ఒప్పుకోవడం సామాన్యం కాదు. అదే సమయంలో ఏ మాట ఏ మాటకి చుట్టమో తేల్చే అధికారాన్ని ఆయన లెక్కకి వదిలిపెట్టలేదు. అది భాషాశాస్త్రం తేల్చాకే లెక్క మొదలైంది. రెండు శాస్త్రాలు కలిసి పనిచేయడమంటే నాకు తెలిసినంతలో ఇదే. ఎక్కడ ఎవరి మాట చెల్లాలో ముందే తెలిసి ఉండాలి.

నువ్వు కూడా "ఏమోనమ్మా" అన్నవాళ్లకి ఒక గడి పెట్టు. మొహమాటపడకు. నలభై ఏళ్ల లోపు వాళ్లలో ఆ గడులు ఎక్కువగా నిండితే, ఒక తేడా ఊరి నోట్లోంచి జారిపోతోందన్నమాట. నీ గైడ్‌కి కావలసిన కథ కూడా అదే కదా.

పేర్ల గురించి రాశావు, చూశాను. నేలల శాస్త్రవేత్త తన పేరు చివర పెట్టమన్నారని, ఆయనకి ఈ పనంటే చిన్నచూపని నొచ్చుకున్నావు. తొందరపడకు. మన దగ్గర చివరి పేరంటే తక్కువ పని చేసినవాడని అర్థం. ప్రయోగశాలల శాస్త్రాల్లో చివరి చోటు ల్యాబ్ పెద్దది, పని మొత్తానికి పూచీ పడేవాడిది. లెక్కల వాళ్లు అక్షరక్రమంలో వేసుకుంటారు, ఎవరు ముందన్న ప్రశ్నే రాదు. 2015లో హిగ్స్ బోసాన్ బరువు మీద వచ్చిన భౌతికశాస్త్ర వ్యాసానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 వాళ్ల పేర్లకీ సంస్థలకీ సరిపోయాయి. ఆయన చివర ఉంటానన్నారంటే తప్పొస్తే తనది అంటున్నారు. ఫోన్ చేసి థాంక్స్ చెప్పు. పేర్ల వరస మాత్రం మిగతా ఇద్దరికీ ఇప్పుడే చెప్పెయ్యి, అచ్చుకి వెళ్లే ముందు చెప్తే గొడవలవుతాయి.

ఇంకొక్క పని. ముగ్గురినీ ఒక పూట ఒకచోట కూర్చోబెట్టు, వీలైతే ఆ చెరువు గట్టు మీదే. ఒకరి భాగాన్ని ఇంకొకరి చేత పైకి చదివించు. మీ గైడ్ వాహకత పేరా చదువుతూ ఎక్కడ తడబడతారో అక్కడ ఒక వాక్యం తక్కువైందని గుర్తు. నేలల శాస్త్రవేత్త ఊరి మాట ఉచ్చారణ గుర్తుల దగ్గర ఆగితే అక్కడా అంతే. సరిదిద్దడం తర్వాత, ముందు ఆ చోట్లు రాసుకో. నాలుగు ఈమెయిళ్లలో తేలనిది అక్కడ గంటలో తేలడం నేను చూశాను.

వ్యాసం మొదలు మార్చు. ఇప్పుడు "భాష సమాజానికి దర్పణం" అని మొదలుపెట్టావు. అది తీసెయ్యి. 14వ పేజీ పెద్దాయనతో మొదలుపెట్టు: కాలు జారే నల్లమట్టి, లొంగని గడ్డపార. దాని కిందే ఆ పొలం మట్టి అంకెలు, తీసిన లోతూ నెలా. తర్వాత పట్టిక, సున్నాలతో సహా. ఆయన ఒప్పుకుంటే పేరు వేసి కృతజ్ఞతల్లో మొదట రాయి, ఒప్పుకోకపోతే ఊరు మాత్రం రాయి. అచ్చయ్యాక ఒక కాపీ తీసుకెళ్లి ఆయనకి చదివి వినిపించు. ఆ పేరా వరకూ తెలుగులో రాసుకుని వెళ్లు.

కొత్త ప్రతిలో మొదటి రెండు పేజీలు పూర్తవగానే పంపు, మిగతావి తర్వాత చూద్దాం. ఎండలో తిరిగేటప్పుడు నీళ్లు తాగడం మర్చిపోకు.

నీ మేలు కోరే,
పెద్దమ్మ