ఇంట్లో అందరం కలిసి చూసిన సినిమాల్లో మాకు ఏవి నిలిచాయంటే

ఈమధ్య టీవీలో, ఓటీటీలో చూసిన సినిమాల్లో ఏవి నచ్చాయి, ఏవి నచ్చలేదు, విమర్శకుల భాషలో కాకుండా మామూలు ప్రేక్షకుల్లా చెప్పమని అడిగారు. మాది అనంతపురం జిల్లా, తాడిపత్రి దగ్గర పల్లె. మా ఇంట్లో సినిమా ఎప్పుడూ ఒక్కరే చూడరు. నాయన, అమ్మ, వదిన, పిల్లలు, వీళ్లు చాలరన్నట్టు పక్కింటి పెద్దమ్మ కూడా వచ్చి కూర్చుంటుంది. అందుకని కింద రాసిన అభిప్రాయాల్లో సగం వాళ్లవే.

మేము ఎక్కువ సినిమాలు చూసేది ఎండాకాలంలో, విత్తనానికి చెనిక్కాయలు (వేరుశనగ కాయలు) ఒలిచేటప్పుడు. తొలకరికి ముందు నడింట్లో కాయలు కుప్ప పోసుకుని చుట్టూ కూర్చుంటాం. కాయను బొటనవేలితో నొక్కి చిట్లించాలి, గింజ మీద ఎర్రపొర ఊడకూడదు. ఊడితే భూమిలో మొలక సరిగా రాదు. అందుకని చూపు సగం గింజ మీద, సగం టీవీ మీద ఉంటుంది. అందరూ ఒకేసారి ఒలుస్తుంటే ఆ చిటపటలో మెల్లగా చెప్పే డైలాగులు వినపడవు కూడా. ఇలా చూస్తే ఏ సినిమాకు పట్టు ఉందో ఇట్టే తెలిసిపోతుంది. మాట బలంగా ఉండి, మనుషులు నిజంగా అనిపిస్తే చేతులు వాటంతటవే ఆగిపోతాయి.

ప్రతి ఏడూ తప్పకుండా పెట్టేది 'మాయాబజార్'. 1957 నాటిది. తీసిన కె.వి.రెడ్డి గారిది తాడిపత్రే, ఆ సంగతి నాయన వచ్చినవాళ్లందరికీ చెబుతాడు, చెప్పాలి కూడా. మహాభారతం మనుషుల కథ అయినా పాండవులు ఒక్క సీన్లో కూడా కనపడరు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, ఆ లోటు ఎవరికీ తట్టదు. నాకైతే ఎస్వీ రంగారావు గారి కంటే కూడా సావిత్రి గారే గొప్ప. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె చేసిన భాగం చూడండి. ముఖం అదే, చీరా నగలూ అవే, నడకలోకి మాత్రం మగవాడి దర్పం వచ్చేస్తుంది. ఎవరో వస్తున్నారనగానే మళ్లీ సిగ్గుపడే ఆడపిల్ల అయిపోతుంది. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కే దగ్గర మా పిల్లలు దొర్లి దొర్లి నవ్వుతారు. గ్రాఫిక్స్ సినిమాలకు అలవాటు పడిన పిల్లలు వాళ్లు. 2010లో రంగులు వేసి విడుదల చేశారు కానీ నాకు నలుపు తెలుపే ఇష్టం. మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో పుట్టించిన ఆ వెన్నెలకు రంగు అక్కర్లేదు.

'మల్లీశ్వరి' కూడా పెడతాం, అది అమ్మ కోసం. బి.ఎన్.రెడ్డి గారు కడప జిల్లా మనిషి. 1951 సినిమా, నడక నెమ్మది. పిల్లలు కాసేపటికి లేచి పోతారు. అమ్మ మాత్రం భానుమతి గొంతు వింటూ ఒలుస్తూనే ఉంటుంది. పాటలు బాగున్న సినిమాను చూడకుండా విన్నా చాలంటుంది ఆమె.

ఇక నా మనసుకు బాగా దగ్గరైనది 'సినిమా బండి'. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, ప్రవీణ్ కాండ్రేగుల తీశాడు. ఆటో నడుపుకునే వీరబాబుకు బండిలో ఎవరో మర్చిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే గణపతిని వెంటపెట్టుకుని ఊళ్లోనే సినిమా తీయాలనుకుంటాడు. మంగలి షాపు నడిపే మరిడేశ్‌ను హీరో చేస్తారు, కూరగాయలు అమ్మే మంగ హీరోయిన్ అవుతుంది. ఆంధ్రా, కర్ణాటక సరిహద్దు పల్లె కథ. అచ్చంగా మా మాట కాదు గానీ హిందూపురం, మడకశిర వైపు మా చుట్టాలు మాట్లాడే తీరుకు చాలా దగ్గర. మొదటి పది నిమిషాల్లోనే పెద్దమ్మ కాయలు పక్కన పెట్టేసి, "ఏమ్మే, వీళ్లు మన కల్లనోళ్ల మాదిరే మాట్లాడ్తాండారే" అంది, మన వైపువాళ్ల లాగే అని. ఆమె టీవీ చూస్తూ ఆ మాట అనడం అదే మొదలు. నాకు ఒళ్లు పులకరించింది.

ఎందుకంటే మా సీమ మాట సినిమాలో వినపడినప్పుడల్లా ఏదో ఒక ఇంటి మీద బాంబు పడుతుంది. 1999 నుంచి వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు మా ఇంట్లో చూడనివి లేవు. 'ఒక్కడు' నాకు ఇప్పటికీ ఇష్టమే, కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర మహేశ్ బాబు ప్రకాశ్‌రాజ్‌ను కొట్టే సీన్ ఎప్పుడొచ్చినా చూస్తాను. ఆ ఊపు నిజమైనది. కానీ కర్నూలంటే ఆ సినిమాలో విలన్ ఓబుల్‌రెడ్డి, సుమోలు, కత్తులు అని బయటివాళ్ల బుర్రలో పడిపోయింది. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు మా ఊరి పేరు చెబితే మొదటి ప్రశ్న అదే వచ్చేది. వానకోసం ఆకాశం చూసే రైతు, ఊరు విడిచి బెంగుళూరు పోయే పిల్లలు, అప్పుచేసి వేసుకున్న బోరు ఎండిపోవడం, ఇవి కదా మా ఇళ్లలో జరిగేవి? వీరబాబు సినిమా తీయాలనుకునేది కూడా ఊరికి మంచి జరగాలనే. ఆ కోరిక మాకు చెప్పి అర్థం చేయించాల్సిన పని లేదు. అందులో ఎవరూ గొప్పవాళ్లు కారు, ఎవరినీ వెక్కిరించలేదు. చదువు లేనివాళ్లను చూసి నవ్వమని ఆ సినిమా ఎక్కడా అడగదు, వాళ్లతో కలిసి నవ్వుతాం అంతే.

'అరవింద సమేత' ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. మొదట్లో వచ్చే రక్తపాతం ఇంట్లో చూడటం కష్టం, వదిన పిల్లలను తీసుకుని వంటింట్లోకి పోయింది. కానీ జగపతిబాబు బసిరెడ్డిగా పలికిన తీరు బాగా కుదిరింది, నాయన లాంటివాడే తలాడించాడు. గొడవలు ఆపాలంటే చనిపోయినవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్ల మాట వినాలన్న ఆలోచన నాకు నచ్చింది. సినిమా మొత్తం ఆ వైపే నడిచి ఉంటే ఇంకా గొప్పగా ఉండేది.

మా ప్రాంతానిది కాకపోయినా మా ఇల్లంతా ఏడ్చింది 'బలగం' చూసి. 2023లో వచ్చింది, వేణు యెల్దండి తీశాడు. తెలంగాణ పల్లెలో ముసలాయన చనిపోతాడు, పెట్టిన పిండం కాకి ముట్టదు. ఎప్పుడో భోజనాల దగ్గర నల్లిబొక్క (మూలుగ ఎముక) కోసం బామ్మర్దికీ బావకీ వచ్చిన పంతం వల్ల అన్నాచెల్లెళ్లు ఏళ్లతరబడి మాట్లాడుకోరు. చిన్న విషయం అని బయటివాళ్లకు అనిపిస్తుంది, మర్యాద తగ్గిందని అనిపించినవాడికి అది చిన్నది కాదు. మా వైపు కూడా దినాల రోజున కాకి రాకపోతే పెద్దవాళ్లకు గుబులే. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే పాట దగ్గర నాయన లేచి బయట అరుగు మీదికి పోయాడు. మా ఇద్దరు మేనత్తల్లో ఒకామెతో ఆయనకు మాటలు లేవు. సినిమా అయ్యాక ఆ సంగతి మేమెవరం ఎత్తలేదు. మరుసటి పొద్దున నాయనే అమ్మను అడిగాడు, "దానికి ఫోన్ నంబరు అదే ఉందా, మార్చిందా?" అని.

ఆడవాళ్లం మాత్రమే ఉన్నప్పుడు పెట్టింది 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్', మలయాళం సినిమా. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తుంటే నేను తెలుగులో చెబుదామనుకున్నాను, పెద్దగా అవసరమే పడలేదు. కూరలు తరగడం, గిన్నెలు తోమడం, పొయ్యి, తుడవడం, మళ్లీ తరగడం. మామగారికి పచ్చడి మిక్సీలో వేస్తే కుదరదు, రోట్లోనే నూరాలి. అన్నం కుక్కర్లో వండకూడదు. బట్టలు మెషీన్లో వేయకూడదు. సింకు కింద పైపు కారుతుంటే మొగుడు బాగుచేయించడు, ఆ ఇంటి కొత్త కోడలు కింద పట్టిన నీళ్లు రోజూ ఎత్తిపోస్తూనే ఉంటుంది. అందులో మొగుడూపెళ్లాలకు పేర్లే పెట్టలేదు దర్శకుడు జియో బేబీ. పేర్లు లేవని వదిన గమనించి చెప్పింది, నాకు అప్పటిదాకా తట్టలేదు. కొందరికి ఇది సాగదీసినట్టు అనిపించవచ్చు. నా ఉద్దేశంలో ఆ సాగదీతే అసలు విషయం, రెండు నిమిషాల పాట పెట్టి దాటేస్తే ఆ అలసట మనకు ఎలా తెలుస్తుంది? మగవాళ్లు తప్పకుండా చూడాలి, మధ్యలో లేచిపోకుండా చూడాలి.

'జై భీమ్' మంచి సినిమా, కానీ రెండోసారి పెట్టే ధైర్యం మాకు లేదు. లాకప్ సీన్లు అంత బాధపెట్టాయి. పోలీసు జీపు ఎక్కనని గర్భిణి ముందు నడిచిపోతుంటే జీపు ఆమె వెనక మెల్లగా వచ్చే సీన్ మాత్రం ఎప్పటికీ మర్చిపోలేను.

నచ్చనివాటి గురించి కూడా చెప్పాలి కదా. 'ఆర్‌ఆర్‌ఆర్' అనంతపురంలో థియేటర్లో చూసినప్పుడు ఈలలతో హాలు ఊగిపోయింది. ఇంట్లో పెడితే ఆ ఊపు రాలేదు. జంతువులు లారీలోంచి దూకే సీన్‌కు నిండు థియేటర్ కావాలి. అది సినిమా లోపం అనను. ఇంట్లో తేలిపోయే సినిమాలు ఉంటాయి, అంతే. ఇంట్లో నిజంగా చిరాకు పెట్టేవి మాత్రం గంటకో ఫైటు, మధ్యలో సంబంధం లేని ఐటం పాట ఉన్నవి. వాటికి ఒలిచే చేతులు ఆగవు, అమ్మ "వేరేది పెట్టు" అంటుంది.

పిల్లల కోసం ఒక్కటి చెబుతాను, 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్'. 1997 నాటి ఇరాన్ సినిమా. అలీ చెల్లెలి బూట్లు పోగొడతాడు, ఇంట్లో చెప్పే ధైర్యం లేక ఇద్దరూ ఒకే జత బూట్లు మార్చుకుంటూ బడికి పోతారు. పొద్దున చెల్లెలు, మధ్యాహ్నం అన్న. భాష ఒక్క ముక్క తెలియకపోయినా మా పిల్లలు కదలలేదు. పరుగుపందెంలో అలీకి కావలసింది మూడో బహుమతి, ఎందుకో చెప్పను, మీరే చూడండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే 'మాయాబజార్'తో మొదలుపెట్టండి. 'బలగం' మాత్రం కుటుంబమంతా ఉన్నప్పుడే చూడండి. 'సినిమా బండి'కి సబ్‌టైటిల్స్ ఆపేయండి, ఆ మాట చెవితో వినాల్సింది. మీవైపు మనుషులను, మీ మాటను ఉన్నది ఉన్నట్టు చూపించిన సినిమాలు ఉంటే కింద రాయండి, కర్నూలు, కడప వాళ్లయితే తప్పకుండా. వచ్చే విత్తనాల కాలానికి మాకు కొత్తవి కావాలి.