రేకు దాకా గీకాలా?

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలకు విజయవాడ ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డు నడిపే మేస్త్రీ జవాబులు

వానలు తగ్గుముఖం పట్టగానే అందరికీ బండి రంగు గుర్తొస్తుంది. ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: పాత రంగంతా తీసేయాలా, దాని మీదే కొట్టించవచ్చా? ఏ కంపెనీ రంగు మంచిదని అడిగినవారు ఇద్దరు ముగ్గురే. నాకు సంతోషం. ఆ ఇద్దరు ముగ్గురికీ మరోసారి రాస్తాను.

మేస్త్రీ గారూ, మాది 2011 నాటి స్విఫ్ట్, నీలం రంగు. పైకప్పు మీద, బానెట్ మీద పైపొర ఎండకు పొలుసులుగా లేస్తోంది. తలుపులు, పక్కలు బాగానే ఉన్నాయి. ఇక్కడి షెడ్డులో మొత్తం రేకు దాకా గీకి మొదటి నుంచి చేస్తామంటున్నారు. ఖర్చయినా అదే మేలని మా బావమరిది అంటున్నాడు.
– ఒక పాఠకుడు, కాకినాడ

మీ బావమరిదిని ఈ ఒక్క విషయంలో పక్కన పెట్టండి. రేకు దాకా గీకడం వినడానికి గట్టి పనిలా ఉంటుంది గాని, మీ బండికి అది మేలు కాదు, నష్టం.

కంపెనీ రంగు నాలుగు పొరలు. రేకు మీద ముందుగా ఫాస్ఫేట్ స్నానం చేయించి, ఆ తరువాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి కరెంటు సాయంతో ఒక ప్రైమర్, అంటే అడుగు పూత, పట్టిస్తారు. దాన్ని ఈడీ కోటు అంటాం. మందం 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. కాని అది ప్రతి మడతలోకి, ప్రతి అతుకులోకి వెళ్తుంది. పెద్ద ఓవెన్‌లో కాలి రేకును అంటిపెట్టుకుంటుంది. దాని మీద నునుపు చేసే సర్ఫేసర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్, అంటే రంగులేని మెరుపు పొర. అన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లే. తుప్పును ఆపుతున్నది ప్రధానంగా ఆ అడుగు పొర. దాన్ని గీకేశాక నేనే కాదు, ఈ దేశంలో ఏ షెడ్డూ మళ్లీ అలాంటిది వేయలేదు. మా దగ్గర తొట్టి లేదు, కరెంటు స్నానం లేదు. మేం కొట్టే ఎపాక్సీ ప్రైమర్ మంచిదే గాని తలుపు మడత లోపలికి రంగు చల్లే తుపాకీ పోదు.

మీ బండిలో చెడింది క్లియర్ ఒక్కటే. ఎండ సూటిగా పడే పైకప్పు, బానెట్ ముందు పోతాయి. పక్కలు నిలబడతాయి. కాబట్టి ఆ రెండు ప్యానెళ్ల మీదా క్లియర్ మొత్తం తీయించండి, గట్టిగా ఉందనిపించిన చోట కూడా. లేచిన చోట మాత్రమే రుద్ది అంచు కలుపుతామంటే ఒప్పుకోకండి. ఎండకు అడుగు పట్టు వదిలిన క్లియర్ అంచు ఎంత రుద్దినా కుదురుకోదు, ఇంకో అంగుళం అవతల మళ్లీ లేస్తుంది. గుండ్రంగా తిరిగే సాండర్‌తో 180 నంబరు గరుకు కాగితం, తరువాత 320 (నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు). బూడిద రంగు సర్ఫేసర్ కనిపించగానే చేయి ఆగాలి. బానెట్ అంచులు, మధ్యలో ఉబ్బెత్తు గీతలు ఉంటాయి చూడండి, అక్కడ రంగు సహజంగానే పలుచన. మిషను ఒక్క క్షణం ఆగితే రేకు బయటపడుతుంది. అక్కడ చేత్తోనే రుద్దాలి.

ఎక్కడైనా రేకు కనిపిస్తే ఆ రోజే ఎపాక్సీ పడాలి. మీది సముద్రపు గాలి. పొద్దున తెల్లగా మెరిసిన రేకు సాయంత్రానికి పసుపు తిరుగుతుంది. ఆ పసుపు మీద కొట్టిన ప్రైమర్ రేకును కాదు, తుప్పును పట్టుకుని ఉంటుంది. తలుపులకు మళ్లీ రంగు అవసరం లేదు. రంగు తేడా తెలియకుండా కలపడానికి పక్క ప్యానెళ్ల మీద నీళ్లతో 1000 నంబరు పట్టించి, క్లియర్ వరకు కొడితే చాలు.

మా నాన్నగారి అంబాసిడర్ ఇంట్లో అలాగే ఉంది. ఎన్నిసార్లు రంగు వేయించారో మాకే తెలియదు. బానెట్ మీద ఎండిన చెరువులా పగుళ్లు. మా అబ్బాయి పెయింట్ రిమూవర్ తెచ్చి షెడ్డులో తనే తీస్తానంటున్నాడు. భయంగా ఉంది.
– ఒక గృహిణి, తెనాలి

అమ్మా, పై జవాబు మీకు వర్తించదు. మీ బండిని గీకాల్సిందే. కాని ముందు చిన్న పరీక్ష. తెల్ల గుడ్డను ఎన్.సి. థిన్నర్‌లో తడిపి, కనిపించని చోట, డిక్కీ మూత లోపలి అంచు అనుకోండి, అర నిమిషం అదిమి పట్టి రుద్దండి. గుడ్డకు రంగు అంటితే అడుగున ఉన్నది పాతకాలపు డ్యూకో రకం. దాని మీద ఇప్పటి రెండు డబ్బాల రంగు (రంగు ఒక డబ్బా, దాన్ని గట్టిపరిచే హార్డనర్ ఒకటి) కొడితే అందులోని థిన్నర్ కిందికి దిగి, పాత రంగును మెత్తబరిచి, కళ్లముందే ముడతలు లేపుతుంది. గుడ్డ తెల్లగానే ఉంటే పాత పొర గట్టిది. కాని పగుళ్లంటున్నారు కనుక అయినా తీయాల్సిందే. పగులు మీద ఎంత ప్రైమర్ పోసినా వేసవి తిరిగేసరికి అదే గీత పైకి వస్తుంది.

మీ భయం సరైనదే. రిమూవర్ డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ లేదా డైక్లోరోమీథేన్ అని ఉంటే ఇంట్లో వాడనివ్వకండి. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పేరుకుంటుంది. పీల్చినవాడి ఒంట్లో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదుల్లో పనిచేసేవాళ్లు చనిపోయినందువల్లే అమెరికాలో 2019లో రంగు తీయడానికి మామూలు జనానికి దాన్ని అమ్మకూడదన్నారు. ముక్కుకు కట్టుకునే గుడ్డ మాస్కు దాన్ని ఆపదు.

అబ్బాయి పట్టు వదలకపోతే, ఆ మందు లేని రకం తెప్పించండి. నెమ్మదిగా పనిచేస్తుంది, చేయనివ్వండి. బండి ఆరుబయట నీడలో ఉండాలి. తలుపు సందులు, బానెట్ సందులు, అతుకుల వెంట రెండు వరుసల టేపు వేయాలి. ఇది మరిచిపోతే సందులోకి దిగిన మందు అక్కడే దాక్కుని, కొత్త రంగు వేసిన నెలకు బయటికి కారి దాన్నీ లేపుతుంది. బ్రష్షుతో దట్టంగా ఒకే వైపు పరచాలి, అటూ ఇటూ రుద్దకూడదు. పైన పాలిథీన్ కప్పాలి. కాసేపటికి రంగు గజిబిజిగా ఉబ్బి, కింద చిటపటమని చిన్న శబ్దం కూడా వస్తుంది. అప్పుడు చెక్క పారతోనో ప్లాస్టిక్ పారతోనో తోస్తే పెచ్చులుగా వస్తుంది. పొరలు ఎన్నో ఉన్నాయి కనుక ఒక్క విడతలో పని కాదు. అన్నీ వచ్చాక డబ్బా మీద రాసినట్టు కడగాలి. కొన్నిటికి నీళ్లు, కొన్నిటికి థిన్నర్.

పొడిగా గీకవద్దు, మంట పెట్టవద్దు. ఆ కాలపు పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం కలిసేది. దుమ్ముగా ఇంట్లోకి వస్తే పసిపిల్లలకు చేటు. పెచ్చులను నీళ్లతో తడిపి సంచిలో కట్టండి, పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో పోయకండి.

తలుపుకు సొట్ట తీయించి రంగు వేయించాను. మూడు నెలలకు అదే చోట మినపగింజల్లాంటి బొబ్బలు. వాన తగ్గితే కొంచెం అణుగుతున్నాయి, పడితే లేస్తున్నాయి.
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

వానతో లేచి ఎండకు అణగడమే అసలు సంగతి చెబుతోంది. కింద నీళ్లున్నాయి. మన షెడ్లలో పుట్టీని, అంటే సొట్ట నింపే ముద్దను, నీళ్లు పోసి వాటర్ పేపర్‌తో రుద్దడం అలవాటు. దుమ్ము లేవదు, కాగితం మిగులుతుంది, చేతికి హాయిగా ఉంటుంది. కాని పాలియెస్టర్ పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉండగానే ప్రైమర్ కొడితే, ఆ తడి రంగును పైకి నెడుతుంది. కింద రేకు కూడా తుప్పు పడుతుంది. పుట్టీని పొడిగానే రుద్దాలి, 80 నుంచి మొదలుపెట్టి 180, 320. నీళ్ల ముచ్చట ప్రైమర్ పడ్డాకే.

రెండోది, కొందరు తుప్పు పట్టకుండా ముందుగా ఎచ్ ప్రైమర్ కొట్టి దాని మీద పుట్టీ పెడతారు. ఆ ప్రైమర్లోని ఆమ్లానికి, పుట్టీ గట్టిపడే పద్ధతికి పొసగదు. పట్టు వదులుతుంది. గరుకు చేసిన రేకు మీదనో, ఎపాక్సీ మీదనో పుట్టీ పెట్టాలి. హార్డనర్ 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాముల చుట్టూ ఉండాలి. త్వరగా ఎండాలని ఎక్కువ కలిపితే కొత్త రంగు మీద పసుపు మరకలు తేలతాయి.

ఒకసారి తలుపు కింది అంచున చిన్న రంధ్రాలు చూడండి. అద్దం పక్క నుంచి దిగిన వాన నీళ్లు పోయే దారులవి. మట్టితోనో రంగుతోనో మూసుకుపోయి ఉంటే తుప్పు లోపలి నుంచి వస్తుంది, అప్పుడు పైన ఎన్నిసార్లు చేసినా వృథా. ఏదైనా సరే, ఆ చోట పుట్టీ అంతా తీసేసి మొదలుపెట్టాల్సిందే. పైపైన సరిచేస్తామంటే బండి వెనక్కి తీసుకురండి.

నల్ల కారు. షెడ్డులో అద్దంలా ఉంది. ఎండలో పెడితే తలుపు మీద అలలు. ఎందుకు?
– ఒక పాఠకుడు, నెల్లూరు

వేళ్లతో రుద్దారు. నాలుగు వేళ్లు ఆనించి కాగితం లాగితే వేళ్ల కింద లోతు, మధ్యలో మిట్ట పడతాయి. తెల్ల కారులో దాగిపోతాయి, నల్లదానిలో దాగవు. బారైన బ్లాకుకు కాగితం చుట్టి, కోణంగా ఒకసారి ఇటు, ఒకసారి అటు రుద్దాలి.

మా షెడ్డులో చేసేది చెబుతాను. సర్ఫేసర్ ఆరాక, మిగిలిపోయిన నల్ల రంగులో థిన్నర్ బాగా పోసి, దూరం నుంచి ప్యానెల్ మీద మంచులా చల్లుతాం. గైడ్ కోటు అంటాం దాన్ని. ఇప్పుడు బ్లాకుతో రుద్దితే మిట్టలు ముందు బూడిద రంగుకు తేలతాయి. పల్లాల్లో నల్ల చుక్కలు అలాగే ఉంటాయి. సూదిమొనంత గుంట కూడా నల్ల చుక్కగా కనిపిస్తుంది. నలుపంతా పోయేదాకా రుద్దితే ప్యానెల్ సమంగా ఉన్నట్టు. నలుపు పోకముందే బూడిద పొర తెగి కింది రేకు కనిపించిందా, అక్కడ రుద్దడం కాదు, ఇంకాస్త పుట్టీ కావాలి. కన్ను మోసపోతుంది. అరచేతికీ ప్యానెల్‌కీ మధ్య పలచని గుడ్డ పెట్టి నెమ్మదిగా తడిమితే కంటికి దొరకనిది కూడా దొరుకుతుంది. మా కుర్రాళ్లు మొదట నవ్వుతారు, తరువాత వాళ్లే గుడ్డ వెతుక్కుంటారు.

రంగు కొడుతుంటే అక్కడక్కడ గుండ్రటి గుంటలు పడి రంగు పక్కకు జరిగిపోతోంది. కంప్రెసర్ మార్చాను, తుపాకీ మార్చాను.
– కొత్తగా షెడ్డు పెట్టిన కుర్రవాడు, హైదరాబాద్

మేం ఫిష్ ఐ అనేది అదే. తుపాకీది తప్పు కాదు బాబూ. డాష్‌బోర్డు, టైర్లు మెరవడానికి పూసే పాలిష్‌లో సిలికోన్ ఉంటుంది. బండి కడిగినప్పుడు అది బాడీ అంతా పాకుతుంది. నువ్వు దాన్ని తుడవకుండానే రుద్దడం మొదలుపెడితే, కాగితం దాన్ని గీతల లోపలికి కూరుతుంది. ఆ తరువాత ఎంత తుడిచినా రాదు. వరుస మార్చు: ముందు సబ్బు నీళ్లు, తరువాత గ్రీజు తీసే ద్రావకం, ఆ తరువాతే కాగితం. రంగుకు ముందు ఇంకోసారి తుడవాలి. రెండు చేతుల్లో రెండు గుడ్డలు, ఒకటి తడిపినది, ఒకటి పొడిది. తడి ఆరకముందే పొడి గుడ్డ తీసుకోవాలి. గాలికి ఆరనిస్తే జిడ్డు అక్కడే కూర్చుంటుంది. పెట్రోలు, కిరసనాయిలు వాడవద్దు, అవే జిడ్డు వదులుతాయి. చెమట చేతులతో ముట్టుకోకు, అందులో ఉప్పు ఉంది.

ఇంకో మాట. హార్డనర్ ఉన్న రంగులో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. ఒకసారి ఊపిరితిత్తులకు సరిపడకపోతే జీవితాంతం ఉబ్బసం. బయటి గాలిని అందించే మాస్కు కొన్నాకే రెండో తుపాకీ కొను.

పాత జీపు. శాండ్ బ్లాస్టింగ్ చేయించవచ్చా? – అనంతపురం

ఛాసిస్‌కు, చక్రాలకు నిరభ్యంతరంగా. బానెట్, తలుపుల పలచటి రేకుకు వద్దు. వేగంగా తగిలే రేణువులు రేకును ఒక వైపు సాగదీసి వంచేస్తాయి, తిన్నగా చేయడం టింకరింగ్ వాళ్ల వల్ల కూడా కాదు. ఇసుకతో కాకుండా గార్నెట్ అనే రాతి రవ్వతో చేసేవారిని వెతకండి. ఇసుక దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తులను తినేస్తుంది.

ప్లాస్టిక్ బంపర్‌కూ రిమూవర్ వాడవచ్చా? – ఏలూరు

వద్దు. ప్లాస్టిక్ కరిగి వంకరపోతుంది. 320తో రుద్ది, పగిలిన చోట అతికించి, ప్లాస్టిక్‌కు రంగు పట్టు కోసం వేసే అడ్హీజన్ ప్రమోటర్ కొట్టాకే మిగతాది.

ఎలాగూ రంగు వేయిస్తున్నాం కదా, తెలుపు తీసి ఎరుపు చేయిద్దామని మా ఆవిడ అంటోంది. – ఒంగోలు

చేయించుకోండి. కాని ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది కనుక ముందు రవాణా కార్యాలయంలో అడిగి, మార్పు నమోదు చేయించుకోండి. ఖర్చు అంచనా వేసేటప్పుడు తలుపుల లోపలి అంచులు, డిక్కీ లోపల, బానెట్ అడుగు కూడా లెక్కలోకి తీసుకోమనండి. అవి వదిలేస్తే తలుపు తీసిన ప్రతిసారీ తెలుపు కనిపిస్తుంది. ఆ పని చేయాలంటే తలుపులు, రబ్బరు బీడింగులు ఊడదీయాలి. బీడింగు మీద టేపు అంటించి కొడతామంటే, ఆ షెడ్డు నుంచి బండి తెచ్చేసుకోండి.