టెక్ సందేహాలు: ఎండాకాలంలో పిట్టలు, పురుగుల ఫొటోలు

అమీన్‌పూర్ చెరువు దగ్గర ఫోన్‌లో 30ఎక్స్ జూమ్ పెట్టి తీసినా కొంగలు నీళ్లలో కరిగిపోతున్నట్టు వస్తున్నాయి. నికాన్ పీ950 కెమెరా కొంటే బాగుపడుతుందా? - సంగారెడ్డి పాఠకుడు

ముందు ఎన్ని గంటలకు తీస్తున్నారో చూసుకోండి. పొద్దెక్కాక నేల వేడెక్కి, దానిమీది గాలి పొరలు పొరలుగా కదులుతుంది. వెలుతురు ఆ పొరల్లో వంకరలు తిరుగుతూ వస్తుంది. నడి ఎండలో తారురోడ్డు మీద కనిపించే అలలు ఇవే. పక్షి దూరమయ్యేకొద్దీ మధ్యలో గాలి ఎక్కువ, జూమ్ పెంచేకొద్దీ ఆ వణుకు పెద్దదవుతుంది. దీనికి లక్ష రూపాయల లెన్స్ కూడా మందు కాదు. సూర్యుడు వచ్చిన మొదటి గంట, గంటన్నరలో అదే చోట నుంచి ఒకసారి తీసి పోల్చుకోండి.

ఇక ఫోన్ సంగతి. చాలా ఫోన్లలో నిజమైన జూమ్ 3ఎక్స్ లేదా 5ఎక్స్. మిగతాదంతా కత్తిరించి, సాఫ్ట్‌వేర్ ఊహతో నింపేదే. పీ950లో 83ఎక్స్ నిజంగానే ఆప్టికల్, అంటే లెన్సే దగ్గరికి తెచ్చేది. కానీ సెన్సర్ చిన్నది. పూర్తి జూమ్‌లో అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే కంత) ఎఫ్ 6.5 మాత్రమే, అంటే చిన్నది కాబట్టి తెల్లవారుజామున ఫొటోలో గ్రెయిన్స్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తాయి. నన్నడిగితే ముందు 8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) కొనమంటాను. ఫోన్‌ను దానికి బిగించే అడాప్టర్లు దొరుకుతాయి. కెమెరా చలికాలం వలస పక్షులు వచ్చేలోపు ఆలోచించుకోవచ్చు.

తూనీగను తీయబోతే ఎగిరిపోతోంది. మాక్రో మోడ్‌లోనూ మసకే. - రాజమండ్రి నుంచి

చౌక ఫోన్లలో 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా పేరుకే. దాన్ని వదిలేసి మెయిన్ కెమెరాలో 2ఎక్స్ పెట్టి, ఒక అడుగు దూరం నుంచి తీయండి. ప్రో మోడ్ ఉంటే షట్టర్ స్పీడ్ సెకనులో 1/1000 వంతు పెట్టండి. చాలా తూనీగలు లేచిన పుల్ల మీదికే మళ్లీ వస్తాయి. వెంటపడకుండా ఆ పుల్లకు ఫోకస్ లాక్ చేసుకుని కదలకుండా నిలబడండి. సీతాకోకచిలుకల కోసం ఊరంతా తిరగక్కర్లేదు. నిమ్మ, కరివేపాకు మొక్కల మీద వాటి గొంగళిపురుగులు, జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకలు దొరుకుతాయి.

ఎండలో ఫోన్ వేడెక్కి కెమెరా ఆగిపోతోంది. ఏం చేయాలి?

ఐఫోన్‌నే తీసుకుంటే 35 డిగ్రీల లోపు వాడమని ఆపిలే చెబుతుంది. మన మే నెలకు అది ఎక్కడ సరిపోతుంది! కవర్ తీసేయండి, 4కే వీడియో ఆపండి, పవర్‌బ్యాంక్ పెట్టి ఛార్జ్ చేస్తూ తీయకండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల తేమ పడుతుంది.

పక్షి పేరు చెప్పే యాప్ ఏది? - ఖమ్మం నుంచి

మెర్లిన్. ఉచితం. ఇంట్లో వైఫై ఉండగానే మన ప్రాంతపు ప్యాక్ దించుకుంటే సిగ్నల్ లేనిచోటా పనిచేస్తుంది. కూత వినిపించినా పేరు చూపిస్తుంది, కాకపోతే అది సలహా మాత్రమే, కళ్లతో చూసి నమ్మండి. యాప్‌లోని కూతలను చెట్టుకింద మోగించి పక్షిని పిలవకండి. పాలపిట్టలు గూడు పెట్టుకునే రోజులివి, వాటికి అనవసరమైన టెన్షన్. గూడు ఫొటో ఎవరికైనా పంపేముందు కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపి తీయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి గానీ, క్వాలిటీ కోసం డాక్యుమెంట్‌గా పంపితే గూడు ఎక్కడుందో కూడా వెంట వెళ్లిపోతుంది.