మట్టి శిల్పం మీద సిమెంటు పూయవచ్చా?

మీరు ఆరుబయట కట్టిన మట్టి శిల్పం ఎండకు బీటలు వారుతోందనీ, వానకు జారిపోతోందనీ, పైన సిమెంటు పూస్తే నిలుస్తుందా అనీ అడిగారు. పూయకండి. నేను పూసి చూశాను. ముడుచుకుని పడుకున్న మనిషి ఆకారం అది, నడుమెత్తు ఉండేది. సన్నటి పగుళ్ళలోంచి దిగిన నీటికి మళ్ళీ ఆరిపోయే దారి లేక లోపలి మట్టి అడుసైపోయింది. చూపుకు చెక్కుచెదరలేదు, తడితే మాత్రం డొల్ల చప్పుడు. ఒక వానాకాలం తిరిగేసరికి సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది.

బీటలకు మందు ఉంది. బంకమట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, ఇసుక చాలకపోతే చీలుతుంది. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్ళు పోసి, బాగా కుదిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, దానిపైన ఒండ్రు, అన్నిటికన్నా పైన బంక తేరుకుంటాయి. బంక పొర మందంగా ఉంటే ఇసుక కలపండి. తరిగిన ఎండుగడ్డి వేసి తొక్కి, కొన్నాళ్ళు నాననివ్వండి (వాసన వస్తుంది, ఓర్చుకోవాలి). నేల చెమ్మ పైకి ఎక్కకుండా రాతి పీఠం మీద కట్టండి.

వానతో మాత్రం నేను పోట్లాట మానేశాను. మూడో ప్రయత్నంలో మట్టి దిబ్బ ఒకటి నున్నగా మెత్తి, దాని నెత్తిన గులకరాళ్ళు సగం లోతుకు గుచ్చి వదిలేశాను. రాయి కప్పిన చోట చినుకు దెబ్బ మట్టికి తగలదు. చుట్టూ ఉన్నది కొట్టుకుపోయి, నాలుగైదు జల్లులకే ఒక్కొక్క రాయి కింద వేలెడు స్తంభం మిగిలింది. అంత సన్నని పని నా చేతులకు రాదు. ఏ రాయి ఎక్కడ పెట్టాలన్నదే నా వంతు.

అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పునీటి సరస్సు ఒడ్డున శిల్పి రాబర్ట్ స్మిత్సన్ 1970లో నల్లరాయి, మట్టి పోయించి సుమారు 1,500 అడుగుల పొడవున ‘స్పైరల్ జెట్టీ’ అనే కట్టను పాము చుట్టలా కట్టించారు. కొన్నేళ్ళకే సరస్సు పొంగి అది మునిగింది. దాదాపు ముప్ఫై ఏళ్ళకు నీరు తగ్గి బయటపడేసరికి నల్లరాళ్ళకు తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. ఆ తెలుపు సరస్సు వేసిన రంగు!

మీ శిల్పంలో ముఖం లాంటి సున్నితమైన భాగం ఉంటే, దానిపైన చూరులా ముందుకు వచ్చే రాతి పలక ఒకటి అమర్చండి. మిగిలినది వానకు వదిలేసి, ప్రతి జల్లు తరువాత ఒకే చోట నిలబడి ఫోటో తీయండి. నేను తీయడం మొదలుపెట్టేసరికి స్తంభాలన్నీ లేచి నిలబడి ఉన్నాయి.