ఆ పాట రాసింది ఆవిడేనా?

సందేహం: 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌సైడ్ బాలడ్ల మీద ఒక వ్యాసాన్ని అనువదిస్తున్నాను. వాటిని బుర్రకథలు అనాలా, కరపత్ర గేయాలు అనాలా? 'యాన్ వాలెన్ విలాపం: మరణశిక్షకు ముందు ఆమె రాసిన పాట' అని ఒకచోట రాశాను. 'పెటీ ట్రీజన్'ను 'చిన్న రాజద్రోహం' అన్నాను. ఇవి సరేనా?

సమాధానం: బుర్రకథ వద్దు. అది కథకుడు, ఇద్దరు వంతలు కలిసి చెప్పే ప్రదర్శన. బ్రాడ్‌సైడ్ అంటే ఒక పక్కనే అచ్చయిన విడి కాగితం. మందపాటి గోతిక్ అక్షరాలు, పైన ఒకటి రెండు చెక్కబొమ్మలు, వెల సాధారణంగా ఒక పెన్నీ. సంతల్లో, వీథుల్లో పాడుతూ అమ్మేవారు. కొన్నవాళ్లు గోడకు అంటించుకునేవారు. కరపత్రం అంటే మనకు ఊరికే పంచేది కాబట్టి అదీ అతకదు. మొదటిసారి 'బ్రాడ్‌సైడ్ బాలడ్' అని రాసి ఒక ముక్క వివరించండి, ఆపైన 'అచ్చుపాట' అంటే చాలు.

శీర్షిక కింద తరచు 'ఫలానా పాట రాగంలో' అన్నట్టు ఒక సూచన ఉంటుంది. అక్కడ 'రాగం', 'స్వరం' రాయకండి. మన పాత పాటల పుస్తకాల్లో ఉండే 'వరుస' అనే మాటే దానికి సరైనది. యాన్ వాలెన్ పాటకు 'ఫార్చ్యూన్ మై ఫో' వరుస. నేరస్థుల పాటలకు దాన్ని ఎంతగా వాడారంటే 'ఉరి వరుస' అనే పేరే పడింది. జనానికి వచ్చిన వరుసే కాబట్టి స్వరలిపి అక్కర్లేకపోయింది.

అసలు చిక్కు 'ఆమె రాసిన' అన్న చోట ఉంది. భర్త జాన్ వాలెన్‌ను ఉలితో పొడిచి చంపిన కేసు ఇది. నేరం 1616 జూన్ 22న, శిక్ష జులై 1న. రెండు తేదీలూ పాట శీర్షికలోనే ఉన్నాయి. పాటంతా 'నేను' అనే సాగుతుంది, కానీ చివర ఉన్న పేరు టి. ప్లాట్. నేరస్థుల నోట పశ్చాత్తాపం పలికించడం ఈ పాటల కవులకు మామూలే. అందుకే 'ఆమె పాడినట్టుగా రాసిన పాట' అనండి. ఆ 'ట్టుగా' లేకపోతే కవి కల్పన కాస్తా కోర్టు వాంగ్మూలమైపోతుంది. 'విలాపం' కూడా మార్చాలి. భర్త పోయిన భార్య విలాపం అంటే మన పాఠకుడు జాలిపడడానికి సిద్ధమైపోతాడు! ఇక్కడ 'పశ్చాత్తాపం' నయం.

'చిన్న రాజద్రోహం' అంటే ఏదో తేలికపాటి నేరం అనిపిస్తుంది. 1351 నాటి చట్టం ప్రకారం భార్య భర్తను చంపినా, సేవకుడు యజమానిని చంపినా పెటీ ట్రీజనే. భర్త, యజమాని ఇద్దరినీ కలుపుకునే మాట మనకు సిద్ధంగానే ఉంది: స్వామిద్రోహం. ఇంకొకటి, వ్యాసంలో ఎక్కడా ఆమెను 'ఉరితీశారు' అని రాయకండి. ఈ నేరానికి మగవాళ్లకు ఉరి, ఆడవాళ్లకు దహనం. యాన్‌ను లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్‌లో కాల్చారు. ఆడవాళ్లకు దహనశిక్ష 1790లో గాని రద్దు కాలేదు.