పెళ్ళి కాని తల్లికి సింగపూర్‌లో ప్రభుత్వ ఇల్లు దొరుకుతుందా?

మీ చెల్లెలు సింగపూర్ పౌరురాలు, వయసు 29, పెళ్ళి కాలేదు, రెండేళ్ళ పాప ఉంది, ఆ పాపకూ అక్కడి పౌరసత్వమే ఉంది. హెచ్‌డీబీ (అక్కడి ప్రభుత్వ హౌసింగ్ బోర్డు) ఇల్లు కొనుక్కోవాలంటే ఆమె 35 ఏళ్ళు నిండేదాకా ఆగాల్సిందేనా, ఒంటరిగా ఉండేవాళ్ళందరికీ ఒకటే నిబంధనా అని మీరు అడిగారు. ఆగి తీరాలన్న నియమం లేదు. అయితే పెళ్ళయిన జంట నేరుగా దరఖాస్తు పెట్టి తీసుకునే ఇంటిని ఆమె అప్పీల్ పెట్టుకుని, అధికారులు తన పరిస్థితిని పరిశీలించి ఒప్పుకున్న తరువాతే తీసుకోవాలి. ఉద్యోగానికి సింగపూర్ వచ్చి, పౌరసత్వం తీసుకుని, పెళ్ళి మాట తలపెట్టకుండా ఒంటరి పౌరుల పథకం కింద ఇల్లు కొనుక్కున్నవాణ్ణి నేను. కనుక ఆ దారి ఎలా ఉంటుందో, మీ చెల్లెలి దారి దానికి ఎక్కడ వేరవుతుందో కాస్త వివరంగా చెబుతాను.

మన ఊళ్ళలో ప్రభుత్వ ఇల్లంటే తెల్ల రేషన్ కార్డు ఉన్న పేదలకు కట్టించేదన్న అభిప్రాయం ఉంది. సింగపూర్‌లో అలా కాదు. 1960లో ఏర్పడిన హౌసింగ్ బోర్డు కట్టిన ఇళ్ళలోనే దేశవాసుల్లో ప్రతి పదిమందికీ దాదాపు ఎనిమిదిమంది ఉంటారు; టీచర్లు, ఇంజినీర్లు, టాక్సీ డ్రైవర్లు ఒకే బ్లాకులో కనిపిస్తారు. ఇల్లు 99 ఏళ్ళ లీజు మీద వస్తుంది, వాయిదాలను జీతంలోంచి సీపీఎఫ్‌లో (మన పీఎఫ్ లాంటి నిధి) జమయ్యే డబ్బుతో కట్టుకోవచ్చు. ప్రైవేటు అపార్ట్‌మెంట్ (కాండో) ధర మామూలు ఉద్యోగికి అందేది కాదు కాబట్టి హెచ్‌డీబీ ఇల్లు దొరకకపోతే మిగిలేది అద్దె గది, లేదంటే తల్లిదండ్రుల ఇల్లు.

ఆ ఇంటికి అర్హత ‘ఫ్యామిలీ న్యూక్లియస్’, అంటే ఎవరిని ఒక కుటుంబంగా గుర్తిస్తారనే లెక్క మీద ఆధారపడి ఉంటుంది. భార్యాభర్తలు, పెళ్ళి చేసుకోబోతున్న జంట, భర్తనో భార్యనో పోగొట్టుకుని పిల్లలతో ఉన్నవాళ్ళు, విడాకులు తీసుకుని పిల్లల బాధ్యత దక్కినవాళ్ళు ఇందులోకి వస్తారు. తల్లిదండ్రులతో కలిసి ఉండే 21 నిండిన అవివాహితులు కూడా వస్తారు గానీ ఆ తల్లిదండ్రులు పౌరులో శాశ్వత నివాసులో (పీఆర్) అయి ఉండాలి. అమ్మానాన్నలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండి, తాము మాత్రమే ఇక్కడ స్థిరపడిన మనవాళ్ళకు ఈ వెసులుబాటు పనికిరాదు. పెళ్ళి కాని తల్లీ బిడ్డా మాత్రం ఈ లెక్కలో కుటుంబం కారు. పాప పౌరసత్వానికి, బడికి, ఆసుపత్రికి తల్లి పెళ్ళితో పనిలేదు. 2017 నుంచి పెళ్ళి కాని తల్లులకు కూడా 16 వారాల ప్రసూతి సెలవు ఇస్తున్నారు. ఇంటి విషయానికి వచ్చేసరికే పెళ్ళి అడ్డు వస్తుంది (బిడ్డ పుడితే ప్రభుత్వం ఇచ్చే బేబీ బోనస్ నగదు విషయంలోనూ అంతే, అది వేరే చర్చ).

నాలాంటి ఒంటరివాళ్ళ సంగతి కొంత మెరుగు. 1991కి ముందు ఒక్కరే సొంతంగా కొనుక్కునే దారి మాకు లేదు. ఆ ఏడాది 35 నిండిన ఒంటరి పౌరులను పాత ఇళ్ళు, అంటే రీసేల్ ఫ్లాట్లు, కొనుక్కోనిచ్చారు, అదీ చిన్నవి, ఊరి నడిబొడ్డున లేనివి. 2004లో ఏ పరిమాణం ఇల్లయినా కొనవచ్చన్నారు. బోర్డు నుంచి నేరుగా కొత్త ఇల్లు కొనే అవకాశం 2013లో వచ్చింది, అది రెండు గదుల ఫ్లాట్‌కే, కొత్తగా పెరుగుతున్న పేటల్లోనే. 2024 చివరి భాగం నుంచి ఏ ప్రాంతంలోనైనా ‘ఫ్లెక్సీ’ అనే రెండు గదుల ఇంటికి దరఖాస్తు పెట్టవచ్చు. ఇంత మారినా 35 అన్న అంకె మాత్రం కదలలేదు.

ఆ వయసు వచ్చేదాకా నేను అద్దె గదుల్లోనే ఉన్నాను. ఇక్కడి గది ప్రకటనల్లో ‘తేలికపాటి వంట మాత్రమే’ అని ఉంటుంది. మన తాలింపు తేలికపాటి వంట కిందికి రాదని ఇంటి ఓనర్లు త్వరగానే తెలియజేస్తారు. తరువాత దరఖాస్తు పెట్టి, లాటరీలో నంబరు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పెట్టి, ఇల్లు కట్టడం పూర్తయ్యేదాకా ఆగి తాళాలు తీసుకున్నాను. ఈ ఆలస్యం వల్ల నాకు కలిగిన నష్టం డబ్బు, కొంత చిరాకు మాత్రమే. పట్టుమని నలభై చదరపు మీటర్లు లేని ఇల్లు ఒక్క మనిషికి చాలు. పెళ్ళయినవాళ్ళతో పోలిస్తే మాకు అన్యాయం జరుగుతోందని తోటి ఒంటరివాళ్ళు వాదించినప్పుడు నేను సగమే ఒప్పుకుంటాను. జంటకు నెలసరి ఆదాయ పరిమితి 14,000 సింగపూర్ డాలర్లయితే మాకు 7,000. నాలుగు గదులు లేదా అంతకన్నా చిన్న రీసేల్ ఇంటికి జంటకు 80,000 డాలర్ల గ్రాంటు వస్తే మాకు 40,000. ఆదాయాన్ని బట్టి అదనంగా ఇచ్చే గ్రాంటు కూడా 2024 నుంచి వాళ్ళకు 1,20,000 దాకా, మాకు 60,000 దాకా. జంట అంటే ఇద్దరు మనుషులు కాబట్టి ఒక్కరికి సగం ఇవ్వడంలో లెక్క తప్పలేదు.

అదే లెక్కను పిల్లలున్న అవివాహితులకు వర్తింపజేస్తేనే తప్పుతుంది. 35 నిండాక ఒంటరి పథకం కింద కొనే తల్లిని, పక్కన బిడ్డ ఉన్నా, ఒక్క మనిషిగానే చూస్తున్నారు. పైగా 35 దాకా ఆగమనడం నాకు చెబితే నేను గది మారతాను. 24 ఏళ్ళకు తల్లైన అమ్మాయికి చెబితే ఆ బిడ్డకు పదకొండేళ్ళు వచ్చేసరికి గానీ సొంత ఇల్లు ఉండదు. పెళ్ళి చేసుకున్నవాళ్ళను ప్రోత్సహించాలన్నది ప్రభుత్వ విధానం, దాన్ని వాళ్ళు దాచుకోరు. కానీ ఇల్లు లేకపోవడం వల్ల ఎవరూ పెళ్ళి చేసుకోగా నేను చూడలేదు, తండ్రి వదిలేసి వెళ్ళినచోట ఆ ప్రోత్సాహం ఎవరి కోసమో కూడా అర్థం కాదు. 2017లో ఏడుగురు ఒంటరి తల్లిదండ్రులు సంతకం చేసిన అర్జీని ఎంపీ లూయిస్ ఇంగ్ పార్లమెంటులో ప్రవేశపెట్టారు; తమను, తమ పిల్లలను ఫ్యామిలీ న్యూక్లియస్‌గా గుర్తించాలన్నది వాళ్ళ కోరిక. ఆ నిర్వచనం మారలేదు.

మారింది ఆచరణ. 21 నిండిన అవివాహిత తల్లి గానీ తండ్రి గానీ అప్పీల్ పెట్టుకుంటే, పరిస్థితిని బట్టి మూడు గదుల దాకా కొత్త ఇల్లు గానీ రీసేల్ ఇల్లు గానీ కొనుక్కోనిస్తామని ప్రభుత్వం చెబుతూ వస్తోంది. ఆఫీసులో నా పక్క టీములో ఉన్న ఒక తమిళ అమ్మాయి ఇలాగే రీసేల్ మూడు గదుల ఇంటికి అనుమతి తెచ్చుకుంది. ఆమె చేసిన పనుల్లో అన్నిటికన్నా పనికొచ్చింది తన నియోజకవర్గ ఎంపీ వారానికోసారి నిర్వహించే ‘మీట్ ది పీపుల్’ సమావేశానికి వెళ్ళి, అక్కడి కార్యకర్తల చేత ఉత్తరం రాయించుకోవడం. పాప జనన ధృవపత్రం, జీతం వివరాలు, సీపీఎఫ్ లెక్క, పుట్టింట్లో ఎందరు ఎన్ని గదుల్లో సర్దుకుంటున్నారన్న వివరం తీసుకెళ్ళింది. తండ్రి ఎవరు, ఎందుకు లేడు అన్న కథను అపరిచితుల ముందు చెప్పుకోవలసి రావడమే అన్నిటికన్నా కష్టమైందని నాతో అంది. విడాకులైన తల్లికి ఆ అవస్థ లేదు, ఆమెకు కోర్టు కాగితం ఉంటుంది.

కాబట్టి మీ చెల్లెలు ఇప్పుడే అప్పీల్ మొదలుపెట్టడం మంచిది. ఆదాయం మరీ తక్కువైతే నెలకు 26 డాలర్ల నుంచి మొదలయ్యే ప్రభుత్వ అద్దె ఇళ్ళు ఉన్నాయి, కానీ వాటికి కుటుంబ ఆదాయం సాధారణంగా 1,500 డాలర్లలోపు ఉండాలి. ఉద్యోగం చేస్తున్న ఆమెకు అది కుదరకపోవచ్చు. రీసేల్ వైపు వెళ్తే ఇంకో సంగతి చూసుకోవాలి: 1989 నుంచి ప్రతి బ్లాకులోనూ జాతులవారీ కోటా ఉంది, కొన్నిచోట్ల భారతీయుల కోటా నిండిపోయి ఉంటుంది, అప్పుడు అదే కోటాలోకి వచ్చే ఓనరు దగ్గరే కొనాలి. ఇల్లు నచ్చింది కదా అని తొందరపడి ఎవరికీ అడ్వాన్సు ఇవ్వవద్దని చెప్పండి. అర్హత, గ్రాంటు, అప్పు మూడింటినీ తేలుస్తూ బోర్డు ఇచ్చే హెచ్‌ఎఫ్‌ఈ లేఖ చేతికి రాకముందు అమ్మేవాళ్ళ నుంచి కొనుగోలు ఒప్పందపు ఆప్షన్ (ఇల్లు ఆమెకే అమ్ముతామని రాసిచ్చే పత్రం) తీసుకోవడానికి వీలుండదు, ఆమె విషయంలో ఆ లేఖ అప్పీల్ తేలాక గానీ రాదు.