అల్లుడికి, ఆ పాత ప్రోగ్రాం తిరగరాసే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రాంని విజువల్ బేసిక్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలోంచి తీసేసి మొత్తం గో అనే మరో భాషలో కొత్తగా రాసిస్తానని, ఆరు నెలలు చాలని ఓనరు గారితో అనేశావట. ఆయనే ఫోన్ చేసి చెప్పారు, కాస్త టెన్షన్‌గానే. బెజవాడలో మీ ఆఫీసులో కూర్చుని చూస్తే ఆ కోడ్ చెత్తలా కనిపిస్తుంది. చెత్తే. ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ అని రాసి తప్పుల్ని కప్పెట్టిన చోట్లు నేనూ చూశాను.

మార్చొద్దని అనను. విజువల్ బేసిక్ 6 వచ్చింది 1998లో. అందులో ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్‌కి మైక్రోసాఫ్ట్ 2008లో సపోర్టు ఆపేసింది. అప్పుడు తయారైనవి విండోస్ 11 మీద ఇంకా నడుస్తున్నాయి గానీ, రేపు నువ్వు మానేస్తే ఆ భాష వచ్చిన కుర్రాడు దొరకడం కష్టం. మార్చడానికి ఆ ఒక్క కారణం చాలు. స్పీడ్ కోసమంటే మాత్రం ఒప్పుకోను. అక్కడ ఆలస్యం చేసేది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, ప్రోగ్రాం కాదు.

ఒక్కసారిగా అంతా మార్చడమే నాకు నచ్చనిది. నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ చేసినవాళ్లు 1998లో పాత కోడ్ పక్కన పెట్టి మొదటినుంచీ రాయడం మొదలెట్టారు. 5వ వెర్షన్ రానేలేదు, 6 వచ్చేసరికి 2000 నవంబరు. ఈలోగా జనమంతా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి వెళ్లిపోయారు. నీకు అంత పోటీ లేకపోవచ్చు. కానీ ఆ ఆరు నెలల్లో అద్దె రేటో, బ్యాంకు ఫారమో మారితే పాతదాంట్లో ఒకసారి, కొత్తదాంట్లో ఒకసారి నువ్వొక్కడివే రాయాలి.

అసలు చిక్కులు చిన్న చోట్ల ఉంటాయి. పాత ప్రోగ్రాంలో రౌండ్ ఫంక్షన్ 2.5ని 2 చేస్తుంది, 3.5ని 4 చేస్తుంది. సరిగ్గా సగం వస్తే సరిసంఖ్య వైపు పోతుంది. గో భాషలో మామూలు రౌండ్ వాడితే 2.5 కాస్తా 3 అవుతుంది. అద్దెలో రూపాయి తేడా వస్తే రైతు ఊరుకుంటాడా, పాత రసీదు తీసి బల్లమీద పెడతాడు. ‘రౌండ్ టు ఈవెన్’ అని వేరే ఫంక్షన్ ఉంది, అది వాడు.

రైతుల పేర్ల సంగతి ఇంకా పెద్దది. అవి అను ఫాంట్‌లో కొట్టినవి. తెరమీద తెలుగులా కనిపిస్తాయి గానీ డేటాబేస్‌లో ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. అసలు తెలుగు అక్షరాలుగా దాచే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, కానీ వత్తుల దగ్గర తడబడతాయి. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురుండే మన దగ్గర పేరు చెడితే బాండు, అంటే సరుకు దాచినందుకు ఇచ్చే కాగితం, ఎవరిదో తేలదు. కన్వర్టర్‌లో వేశాక ఒక మనిషిని కూర్చోబెట్టి బాండు పుస్తకంతో సరిచూడు. ఏ భాషలో రాసినా ఈ పని తప్పదు కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టెయ్.

బ్యాంకు అప్పున్న లాట్‌లోంచి కొన్ని టిక్కీలు (బస్తాలు) మాత్రం వదిలే చోట ‘ఇఫ్’ల గుట్ట ఒకటుంది చూశావా? అర్థం కాలేదని తీసేయకు. గుమాస్తా గారిని అడుగు. ఏ గొడవ తర్వాత ఏ లైను చేరిందో ఆయనకి తెలుసు.

2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ తన టైప్‌స్క్రిప్ట్ భాషలో రాసిన కోడ్‌ని సరిచూసి మార్చే కంపైలర్‌ని గో భాషలోకి మారుస్తున్నామని చెప్పింది. నీకు ఊపు తెచ్చింది అదేనని నా అనుమానం. విఎస్ కోడ్ అనే వాళ్ల ఎడిటర్ కోడ్ మొత్తాన్ని ఆ కంపైలర్‌లో వేస్తే 77.8 సెకన్లు పట్టేది 7.5కి దిగిందన్నది నిజమే. కానీ వాళ్లు పాత కోడ్ కట్టుబడి ఎలా ఉందో దాదాపు అలాగే దించారు. గో భాషను ఎంచుకున్న కారణాల్లో అదొకటి. పైగా ఏళ్లతరబడి పోగేసిన టెస్టులున్నాయి వాళ్లకి. నీకు ఒక్కటీ లేదు. పాత సీజన్ల బిల్లులన్నీ తీసి కొత్త లెక్కలో వెయ్యి, పైసాతో సహా కలవాలి. అవే నీ టెస్టులు.

ముందు ఓనరు గారి రిపోర్టులు మార్చు, తర్వాత అద్దె లెక్క. గేట్ పాస్ చివర్న. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, కాయ దిగే రోజుల్లో, దేన్నీ ముట్టుకోవద్దు.

ఆరు నెలల మాట వెనక్కి తీసుకుని, డబ్బు కూడా భాగాల వారీగా ఇమ్మని అడుగు. ఆయన కాదంటే చెప్పు, నేను మాట్లాడతాను. అక్కయ్యని అడిగానని చెప్పు.

మామయ్య,
బ్రాడీపేట, గుంటూరు